అన్నమునకు లెక్క కట్టిన లావోయిజర్

రసాయనశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థియు లావోయిజర్ పేరు ఎరుగును. ఆమ్లజనికి నామకరణము చేసినవాడనియు, ద్రవ్యనిత్యత్వ నియమమును స్థాపించినవాడనియు పాఠ్యపుస్తకములు చెప్పును. మనుష్యునకు దినమునకు ఎంత ఆహారము కావలెనను లెక్కకు పునాది వేసినదియు ఆయనయే యని యెరిగినవారు మాత్రము అరుదు.

ఆంట్వాన్ లావోయిజర్ 1743 ఆగస్టు 26వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. అయిదేండ్ల ప్రాయముననే తల్లిని కోల్పోయెను. తండ్రి న్యాయవాది; కుమారుడును న్యాయశాస్త్రమే చదివెను గాని, మనసు ప్రకృతిశాస్త్రములయందు లగ్నమయ్యెను. 1768లో, ఇరువదియైదేండ్లు నిండకముందే, ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తులో సభ్యుడయ్యెను. ఆ యేడే రాజు పక్షమున పన్నులు వసూలుచేయు గుత్తదారుల సంఘములో వాటా కొనెను. ఆ రాబడి ప్రయోగశాలను పోషించెను. ఆ వాటాయే తుదకు ఆయన ప్రాణము తీసెను. 1771లో ఆయన వివాహమాడిన మరీ పోల్జ్ ఆంగ్లము నేర్చి శాస్త్రగ్రంథములను భర్తకు అనువదించి యిచ్చెను; చిత్రలేఖనము నేర్చి ఆయన పరికరములను చిత్రించెను.

ప్రాణి ఒంటిలో వేడి ఎక్కడనుండి వచ్చుచున్నది? 1782-83 శీతకాలమున లావోయిజర్, లాప్లాస్ అను గణితవేత్తతో కలసి, ఈ ప్రశ్నకు సమాధానము వెదకెను. ఒక పాత్ర లోపలి అరలో గినీపంది నుంచి, చుట్టును మంచుగడ్డలు నింపిరి. పది గంటలలో దాని ఒంటివేడికి సుమారు 13 ఔన్సుల మంచు కరగెను. అది విడిచినంత బొగ్గుపులుసు వాయువు పుట్టునట్లు బొగ్గును కాల్చినచో ఎంత మంచు కరగునో లెక్కించి పోల్చిరి. రెండు లెక్కలును సమానము కాకున్నను దగ్గరగా వచ్చెను. శ్వాస యనగా మంటలేని నెమ్మది దహనమని తేలెను. దీపమునకు చమురెట్టిదో దేహమునకు అన్నమట్టిది. ఈ దహనము ఊపిరితిత్తులలో జరుగునని ఆయన తలచెను. అది దేహమంతటను జరుగునని తరువాతివారు కనుగొనిరి.

పిదప మనుష్యుని వంతు వచ్చెను. 1789-90లో సెగ్విన్ అను సహచరుడు తన దేహమునే పరీక్షకు ఒప్పగించెను. మరీ బల్లయొద్ద కూర్చుండి లెక్కలు వ్రాయుచుండుట ఆమె స్వయముగా గీచిన చిత్రములో నేటికిని చూడవచ్చును. పరగడుపున విశ్రాంతిగా నున్నపుడు సెగ్విన్ గంటకు సుమారు 24 లీటర్ల ఆమ్లజనిని వినియోగించెను. చలిలో అది కొంత హెచ్చెను; భుజించిన పిదప ఒకటిన్నర రెట్లయ్యెను; బరువు పని చేసినపుడు రెండున్నర రెట్లకు మించెను.

ఈ అంకెలనుండి లావోయిజర్‌కు ఒక కఠిన సత్యము తోచెను. కష్టించువాడు ఎక్కువ దహించును గనుక వానికి ఎక్కువ ఆహారము కావలెను; కాని లోకములో వానికే తక్కువ దొరకుచున్నది. ఈ అన్యాయమును సమాజమే సరిదిద్దవలెనని ఆయన వ్రాసెను. అయితే ఆ పేదవాని ఉప్పుమీద పన్ను వసూలుచేయు సంఘములో ఆయనయు ఒకడు. విప్లవము దానిని మరువలేదు. 1794 మే 8వ తేదీన, తన మామగారితో సహా ఇరువదియేడుగురు గుత్తదారులతోపాటు, ఏబదియేండ్ల లావోయిజర్ శిరచ్ఛేదమునకు గురియయ్యెను.

కేలరీ యను కొలమానము ఆయన కాలమునకు లేదు. అది పందొమ్మిదవ శతాబ్దమున పుట్టినది. ఒక లీటరు ఆమ్లజని వినియోగమునకు దాదాపు అయిదు కిలోకేలరీల శక్తి వెలువడునని ఇప్పుడు తెలియును. 65 కిలోల పురుషుడు పూర్తి విశ్రాంతిలో నున్నను దినమునకు సుమారు 1,500 కిలోకేలరీలు ఖర్చగును. కూర్చుండి పని చేయువానికి దీనిని 1.4 చేతను, మధ్యరకము పనికి 1.8 చేతను, బరువు పనికి 2.3 చేతను హెచ్చింపవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము ఇవి వరుసగా 2,110, 2,710, 3,470. 55 కిలోల స్త్రీకి 1,660, 2,130, 2,720.

ఉపాధ్యాయులు ఈ అంకెలను నల్లబల్లపై వ్రాసి, బరువు పని చేయు స్త్రీకిని, కూర్చుండి పని చేయు పురుషునకును గల భేదమును విద్యార్థులచేత లెక్కింపజేయవలెను. ఆమెకే 610 ఎక్కువ కావలెను. అందరును భుజించిన పిదప మిగిలినది తినునది ఎవరో ఆ బాలురు ఇంటికి పోయి చూచిన చాలును. లావోయిజర్ లెక్క ఇంకను ముగియలేదని వారికే బోధపడును.