కళామండల స్థాపకుడు వళ్లత్తోళ్

కథకళి చరిత్రమున నటుల పేర్లును గురువుల పేర్లును తరచుగ వినవచ్చును. ఆ నటులను పోషించినదెవరు, ఆ విద్యకు ధనమెచ్చటినుండి వచ్చినది యను విషయము అంతగా చర్చకు రాదు. మలయాళ మహాకవి వళ్లత్తోళ్ నారాయణ మేనోన్ జీవితము ఈ ప్రశ్నతో ముడివడి యున్నది.

వారు 1878వ సంవత్సరమున మలబారునందు, తిరూరు చేరువనున్న చెన్నర గ్రామమున జన్మించిరి. సంస్కృతమును చక్కగ నభ్యసించి, వాల్మీకి రామాయణమును మలయాళమున ననువదించిరి. నడివయస్సు రాకమునుపే వారి వినికిడి నశించెను. ఆ దుఃఖమే 'బధిర విలాపము' అను కృతికి వస్తువయ్యెను. సంగీతము చెవికి దూరమైనను, హస్తములతోను నేత్రములతోను పలుకు కథకళి వారికి దూరము కాలేదు.

ఆ కాలమున కథకళి బృందములు రాజులను, సంపన్న భూస్వాముల గృహములను ఆశ్రయించి బ్రతుకుచుండెను. పోషకుని సంపద తరిగిననాడు బృందము చెదరిపోయెడిది. ఈ విద్యకు బాల్యమునుండి పెక్కేండ్ల శిక్షణ కావలెను. కనుక ఒకమారు తెగిన గురుశిష్య పరంపరను మరల నతికించుట దుర్ఘటము.

ఒక్క ప్రభువునకు బదులు వేలమంది సామాన్యులను పోషకులుగ జేయవలెనని వళ్లత్తోళ్ తలచిరి. మణక్కుళం ముకుంద రాజా తోడ్పాటుతో లాటరీ నడపి మూలధనమును కూర్చిరి. టిక్కెట్టు కొనువాడు కళాభిమాని కానక్కరలేదు. బహుమతిపై నాశయున్న చాలును. ఆ ధనముతో 1930 నవంబరున కున్నంకుళమున కేరళ కళామండలము ప్రారంభమయ్యెను. అనంతరమది భారతప్పుళ యొడ్డునగల చెరుతురుత్తికి చేరెను. పట్టిక్కాంతొడి రావుణ్ణి మేనోన్ వంటి ఆచార్యులు అచ్చట బోధించిరి. గౌరవము కోల్పోయియుండిన మోహినీయాట్టమునకును పాఠ్యక్రమమున స్థానము లభించెను.

లాటరీ ధనము సంస్థను స్థాపించుటకు చాలును గాని, నెలనెలా గురువుల జీతములకును విద్యార్థుల భోజనమునకును చాలదు. కావున వళ్లత్తోళ్ బృందమును వెంటగొని దేశమునందును దేశాంతరములందును ప్రదర్శనము లిప్పించిరి. దీనివలన ధనముతోపాటు కీర్తియు వచ్చెను. అయితే ప్రయాణమున గడచిన దినములు అభ్యాసమునకు నష్టమగుచుండెను. పాఠశాలను బ్రతికించు ప్రదర్శనమే పాఠమునకు ఆటంకమగుట ఇందలి చిక్కు.

తుదకు 1941లో సంస్థను కొచ్చి ప్రభుత్వమున కప్పగించిరి. తాము చేతులు చాచి నిర్మించిన దానిపై అధికారము వదలుకొనుట తేలిక కాదు. కాని వ్యక్తి యాయువుపై నాధారపడిన సంస్థ, ప్రభువు సంపదపై నాధారపడిన బృందమువలెనే అస్థిరము. ఆ నిర్ణయమువలన కళామండలమునకు స్థాపకునికంటె దీర్ఘమైన యాయువు గలిగెను.

1955లో రజతోత్సవమునకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విచ్చేసిరి. 1958 మార్చి 13వ తేదీన వళ్లత్తోళ్ పరమపదించిరి. 2006లో కళామండలమునకు డీమ్డ్ విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించెను. వళ్లత్తోళ్ కావ్యములతోపాటు ఈ సంస్థాచరిత్రమును గూడ పఠించినగాని వారి కృషి సమగ్రముగ బోధపడదు.