వినుకొండ బాలుడు జాషువ

సెప్టెంబరు 28 వస్తే మన ప్రాంతంలో గుర్రం జాషువ విగ్రహాలకు పూలదండలు పడతాయి, సభలు జరుగుతాయి. మన సంఘాల్లో మాత్రం ఆ రోజు మామూలుగానే గడిచిపోతుంది. లోకం మహాకవి అని పిలిచే ఆయన మన ఇంటి బిడ్డ. ఆయన బాల్యాన్ని ఈ వారం పాఠకులతో కలిసి గుర్తుచేసుకోవాలనుకున్నాం.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. ఆ తర్వాత పదిహేడేళ్లకు, 1895లో, వినుకొండ ప్రాంతంలో వీరయ్య, లింగమ్మ దంపతులకు జాషువ జన్మించారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. అలాంటి పెళ్లికి మన పల్లెల్లో ఈనాటికీ ధైర్యం కావాలి. ఆ రోజుల్లో ఎంత కావాలో ఊహించుకోవచ్చు. ఇశ్రాయేలీయులను యొర్దాను దాటించిన యెహోషువ పేరునే ఆ తల్లిదండ్రులు కొడుక్కి పెట్టుకున్నారు.

పచ్చని పొలాల మధ్య, బొమ్మలు గీస్తూ, పాటలు పాడుతూ, చిన్నతనం హాయిగానే గడిచింది. కష్టాలు బడిలో మొదలయ్యాయి. కులం పేరుతో తోటి పిల్లలు ఎగతాళి చేసేవారు, పంతుళ్లూ చిన్నచూపు చూసేవారు. పిల్లవాడు ఊరుకోలేదు, తిరగబడ్డాడు, కొట్టాడు కూడా. ఆ రోజుల జ్ఞాపకాలన్నిటినీ పెద్దవయసులో ‘నా కథ’ పేరుతో పద్యాల్లో రాసుకున్నారు.

అయితే ఆ ఊరిలో అందరూ తలుపులు మూయలేదు. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సావాసంలో కవిత్వం మీద ప్రేమ పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు కావ్యాలు చదువుకున్నారు. మరి వినుకొండలోనే ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు నిలదీశారు. పన్నెండేళ్ల యేసు యెరూషలేము దేవాలయంలో బోధకుల నడుమ కూర్చుని ప్రశ్నలు వేశాడు. వాళ్లు ఆ బాలుడి తెలివికి ఆశ్చర్యపడ్డారే గాని బయటికి పొమ్మనలేదు. వినుకొండ సభకు ఆపాటి మనసు లేకపోయింది.

ఇంతవరకు కథ చెప్పడం మనకు తేలికే, ఎందుకంటే తప్పు ఇతరులది. ఇక మన సంగతి. కాళిదాసును చదివాడని, పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయన మీద కోపగించారు, కుటుంబాన్ని సంఘం నుంచి వెలివేశారు. అంటరానివాడని ఊరు గెంటితే, అన్యుల విద్య నేర్చాడని మనం గెంటాం. ఐగుప్తీయుల విద్యలన్నీ నేర్చిన మోషేను దేవుడు వాడుకున్నాడని ప్రతి ఏడూ బోధించే మనమే ఆ పని చేశాం.

పదిహేనేళ్లకే మేరీతో పెళ్లయిన ఆయన, మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పాఠం చెప్పారు. ఆ కొలువు పోతే రాజమండ్రి వెళ్లి, మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చదివారు. తర్వాత గుంటూరులో పదేళ్లు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పనిచేశారు. 1941లో ‘గబ్బిలం’ రాశారు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని పేదవాడు తన మొరను గబ్బిలం ద్వారా కాశీలోని శివుడికి పంపుకోవడం ఆ కావ్య కథ. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి అంతటి పండితుడు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు.

ఇన్ని గౌరవాలు వచ్చాక మనల్ని మరచిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కాని ఆయన కలం క్రీస్తును విడిచిపెట్టలేదు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చింది ఆయన ‘క్రీస్తు చరిత్ర’ కావ్యమే. మనం వెలివేసిన మనిషి మన ప్రభువు కథను తెలుగువారందరి ఇళ్లకూ చేర్చారు. 1970లో పద్మభూషణ్ అందుకుని, 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

మేము సెమినరీలో మిషనరీల పేర్లు, తేదీలు కంఠతా పట్టాం. జాషువ పేరు ఆ పాఠాల్లో విన్న గుర్తు లేదు. ఆ లోటు మాలోనూ ఉందని ఒప్పుకుంటున్నాం.

ప్రియ పాఠకులారా, ఈ ఆదివారం మీ సండే స్కూలు గదిలోకి ఒకసారి తొంగి చూడండి. వెనక బల్ల మీద పుస్తకం అంచున బొమ్మ గీస్తున్న పిల్లవాడు ఉండవచ్చు. మనకు నచ్చని పుస్తకం చదువుతూ, మనకు జవాబు తెలియని ప్రశ్న అడిగే ఆడపిల్ల ఉండవచ్చు. వారిని గద్దించే ముందు పక్కన కూర్చుని, పేరు అడిగి, ఆ బొమ్మను చూపించమనండి. వినుకొండ బాలుడికి మనం బాకీపడినదాన్ని ఆ పిల్లలకైనా తీర్చుకుందాం.