పి.ఆర్. కాలేజీని తీర్చిదిద్దిన గురువు వెంకటరత్నం నాయుడు

కాకినాడ: పొద్దున్నే పల్లెల్లో బస్సెక్కి కాకినాడ పి.ఆర్. కాలేజీకి పోయే పిల్లల్లో ఆడపిల్లలున్నారు, దళితవాడల పిల్లలున్నారు. ఇందులో వింతేముందని నేడు ఎవరూ అనుకోరు. నూరేళ్ల కిందట అది వింతే. ఆ వింతను మామూలు సంగతిగా మార్చడానికి నడుం కట్టిన ప్రిన్సిపాల్ సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడు. మే 26 ఆయన వర్ధంతి.

నాయుడుగారు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి కావడంతో చిన్నతనం ఉత్తరాదిన, ఆ తరువాత హైదరాబాదులో గడిచింది. అందువల్ల ఉర్దూ, పారశీకం కూడా అబ్బాయి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో మిల్లరు దొరగారి దగ్గర చదివి ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నారు. అక్కడే బ్రహ్మసమాజ మతం ఆయన మనసుకు పట్టింది. ఒకే దేవుడు, కులం లేదు, విగ్రహం లేదు అన్నదే ఆ మతం. తెలుగు సినిమాకు పితామహుడనిపించుకున్న రఘుపతి వెంకయ్య నాయుడు ఈయనకు తమ్ముడే.

భార్య చిన్న వయసులోనే పోయారు. మళ్లీ పెళ్లి మాట తలపెట్టలేదు. తెల్లని దుస్తులు తప్ప వేరే ధరించేవారు కారు.

మచిలీపట్నం నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు అక్కడి శిష్యులే. ఆ పిమ్మట సికింద్రాబాదు మహబూబ్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వెళ్లారు. అక్కడి నుంచి కాకినాడ వచ్చి, 1919 వరకు సుమారు 15 ఏళ్లు పిఠాపురం రాజావారి కాలేజీని నడిపారు.

చెప్పేది ఇంగ్లీషు పాఠమే అయినా పిల్లవాడి నడవడి ఎలా ఉందన్నది ఆయనకు ముఖ్యం. చెప్పి ఊరుకునే మనిషి కాదు. కాలేజీలో ఆడపిల్లలను చేర్చుకున్నారు. మగపిల్లలు చదివే చోట ఆడపిల్ల బెంచీ మీద కూర్చుంటే ఊళ్లో ఎన్ని మాటలు పుడతాయో పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు. అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకు చదువు ఒక్కటే చాలదు, తిండి, నీడ కూడా కావాలని ఆయనకు తెలుసు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరు ఆయనను గురువుగా భావించేవారు. ఆ పలుకుబడిని నాయుడుగారు తన సొంతానికి వాడుకోలేదు. దళిత విద్యార్థులకు హాస్టలు, దిక్కులేని పిల్లలకు అనాథ శరణాలయం, ప్రార్థనకు బ్రహ్మ మందిరం కాకినాడలో వెలిశాయంటే ఆ గురువు మాట, ఆ మహారాజా సొమ్ము కలవడం వల్లనే. రాజులకు గురువులు చాలామందే ఉంటారు గాని, ఇలాంటి ఖర్చు పెట్టించినవారు అరుదు.

ఆ రోజుల్లో కలిగినవారి ఇంట పెళ్లంటే భోగంమేళం ఉండాల్సిందే. మేళం పెట్టిన ఇంటికి పెద్దమనుషులు పోరాదని ఆయన ఊరూరా ప్రచారం చేశారు. దాని వల్ల కళావంతుల స్త్రీలకు బతుకుతెరువు పోయిందని, నాట్యకళకు మచ్చ వచ్చిందని తరువాత విమర్శ వచ్చింది. అది కొట్టిపారేయదగిన విమర్శ కాదు. అయితే ఆ కుటుంబాల్లో పుట్టి, ఆ స్త్రీలకు ఆశ్రయం కోసం పాటుపడిన యామినీ పూర్ణతిలకం కూడా ఆయన శిష్యురాలేనన్నది మరువరాదు.

శిష్యులందరూ గురువు బాటలోనే నడవలేదు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కాకినాడలో చదివిననాడు ఆయన ప్రభావంతోనే బ్రహ్మసమాజం వైపు తిరిగారు. గుడిపాటి వెంకటచలం కూడా అలాగే తిరిగారు గాని, పెద్దయ్యాక స్త్రీ పురుష సంబంధాల విషయంలో గురువు బోధించిన నిష్ఠకు పూర్తిగా ఎదురు నిలిచి రాశారు. అయినా కులం కట్టుబాట్లను లెక్కచేయని ధైర్యం చలంగారికి ముందుగా ఎదురైంది ఆ కాలేజీ రోజుల్లోనే.

1924లో ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. జనం మాత్రం బ్రహ్మర్షి అనే పిలుచుకున్నారు. 1939 మే 26న కన్నుమూసేనాటికి ఆయన వయసు 76 ఏళ్లు.