గుండె ఇంధనం కనిపెట్టిన యల్లాప్రగడ

నల్లగొండలో అయినా, పాలమూరులో అయినా సర్కారు దవాఖానాకు వెళ్లిన గర్భిణి చేతిలో నర్సమ్మ ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు పెడుతుంది. బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు మింగించి పోతారు. ఈ రెండు మందుల వెనకా ఉన్నది ఒక తెలుగువాడి కృషేనని మనలో ఎందరికి తెలుసు? ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. లోకానికి ఇన్ని మందులిచ్చిన ఆ మనిషి గుండె 53 ఏళ్లకే ఆగిపోయింది!

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో చదువు మీద ధ్యాస తక్కువే. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు వదిలి బయల్దేరితే, వెతికి పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుకు బలైపోవడం ఆయన మనసును బాగా కలచివేసింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో ఎం.బి.బి.ఎస్. చేతికి రాలేదు. ఎల్.ఎం.ఎస్.తోనే సరిపెట్టుకున్నారు.

1923లో మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. అప్పటికి భార్య శేషగిరి గర్భవతి. పుట్టిన బాబు ఏడాది నిండకుండానే కన్నుమూశాడు. భర్త ఈరోజొస్తాడు, రేపొస్తాడు అని ఆ ఇల్లాలు పాతికేళ్లు ఎదురుచూసింది. ఆయన రానేలేదు.

బోస్టన్‌లో ఆస్పత్రి పనులు చేసి పొట్ట పోసుకుంటూనే హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. మన కండరాలకు శక్తినిచ్చే ఇంధనం ఇదే. మెట్లెక్కే కాలైనా, రొట్టె తట్టే చెయ్యైనా, రాత్రింబవళ్లు కొట్టుకునే గుండైనా దీనితోనే పనిచేస్తాయి. 1940లో లెడర్లే కంపెనీకి మారాక ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను, డీఈసీని, ఆరియోమైసిన్‌ను అందించింది. 1948 ఆగస్టులో ఓ రాత్రి న్యూయార్క్‌లో పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. నిద్రలోనే గుండె ఆగింది.

విచిత్రమేమిటంటే, సరిగ్గా ఆ ఏడాదే బోస్టన్ దగ్గరి ఫ్రామింగ్‌హామ్ పట్నంలో 5,209 మంది స్త్రీ పురుషులతో గుండెజబ్బుల మీద పెద్ద అధ్యయనం మొదలైంది. రక్తంలో కొలెస్ట్రాల్, బీపీ, పొగతాగడం గుండెకు చేటని 1960ల నాటికి అది తేల్చింది. సుబ్బారావుగారి కాలానికి అందని ఆ తెలివిడి ఇవాళ మన చేతిలో ఉంది. మరి వాడుకుంటున్నామా?

ఒకప్పుడు మన మెట్ట ప్రాంతంలో జొన్నరొట్టె, ఉలవచారు, పప్పు, ఆకుకూర తిని పొలానికి నడిచి వెళ్లేవారు. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం, వేపుళ్లు, సాయంత్రం మిర్చిబజ్జీ. వీధి చివరికైనా స్కూటరే! ఉలవలు, పెసల వంటి పప్పుధాన్యాల్లోని పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. మళ్లీ పైత్యరసం తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. అలా చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. నెయ్యి, వనస్పతి తగ్గించి నూనె కొలిచి వాడితే ఇంకా మేలు.

ఇక నడక. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు కాస్త చెమట పట్టేలా నడిస్తే ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, మంచి కొలెస్ట్రాల్ కొద్దిగా పెరుగుతుంది, బీపీ అదుపులో ఉంటుంది. నడక మానేస్తే ఈ లాభమూ పోతుంది. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువున్న వారికి తిండీ నడకా చాలవు, మందులూ కావాలి. నడుస్తున్నాం కదా అని డాక్టరు రాసిన మాత్రలు మానకూడదు.

గుండెజబ్బు మగవాళ్లదే అనుకోకండి. ముట్లుడిగాక ఆడవాళ్లలోనూ చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఎప్పుడూ లేని ఆయాసం, నీరసం, దవడ నొప్పి, వీపు నొప్పి వస్తే గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు. ఇంటిల్లిపాదికీ కారేజీలు కట్టే మీరు మీ రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇంటాయనను కూడా వెంటబెట్టుకుని వెళ్లి ఇద్దరూ చేయించుకోండి. సాయంత్రం ఇద్దరూ కలిసి నడవండి. శేషగిరమ్మ పడిన ఎదురుచూపు మరో ఇల్లాలికి వద్దు.