ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా (మే 11, 1930 - ఆగష్టు 6, 2002) నెదర్లాండ్స్ దేశానికి చెందిన సుప్రసిద్ధ కంప్యూటర్ శాస్త్రవేత్త. రాటర్‌డామ్ నగరంలో జన్మించాడు. తండ్రి రసాయన శాస్త్రజ్ఞుడు, తల్లి గణితవేత్త. 1952లో ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రంలో ప్రోగ్రామరుగా చేరాడు. 1957లో వివాహ సమయాన ఆ వృత్తిని అధికారులు గుర్తించనందున, సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్తగా నమోదు కావలసి వచ్చింది.

కృషి

1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఏకకాలంలో నడిచే ప్రాసెస్‌లు ఒకే సమాచారాన్ని మార్చబోతే తప్పులు దొర్లుతాయి. ఉదాహరణకు, నెల్లూరు బస్సులో ఒక్క సీటే మిగిలి ఉండగా ఉదయగిరి, ఆత్మకూరు కౌంటర్లు రెండూ ఒకే క్షణంలో ఆ ఖాళీని చూసి టిక్కెట్లు ఇస్తే, ఆ సీటు ఇద్దరికి అమ్ముడవుతుంది. దీని నివారణకు ఈయన సెమఫోర్‌ను ప్రవేశపెట్టాడు. రైల్వే సిగ్నలు పేరు పెట్టుకున్న ఈ సంఖ్య సున్నాగా ఉంటే, వచ్చిన ప్రాసెస్ వేచి ఉండాలి. లోపలి ప్రాసెస్ పని ముగించి సంఖ్యను పెంచిన తరువాతే మరొకటి ప్రవేశిస్తుంది. అయితే ప్రాసెస్‌లు ఒకదానికొరకు మరొకటి ఎదురుచూస్తూ అన్నీ నిలిచిపోయే ప్రమాదం కూడా ఉంది. దీనిని డెడ్‌లాక్ అంటారు. దీనిని వివరించే భోజన తత్వవేత్తల సమస్యకు మూలం 1965లో ఈయన ఇచ్చిన పరీక్ష ప్రశ్నే.

పురస్కారం, మరణం

1972లో ట్యూరింగ్ పురస్కారం పొందాడు. 1984 నుండి 1999 వరకు అమెరికాలోని ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. 2002లో స్వదేశంలోని న్యూనెన్‌లో కాన్సరుతో మరణించాడు. థ్రెడ్‌ల నియంత్రణకు ఆపరేటింగ్ సిస్టములు నేటికీ సెమఫోర్‌లను వాడుతున్నాయి.