బరంపురం బిడ్డ వరాహగిరి

బరంపురం అనగానే మనవారిలో చాలామందికి పట్టుచీరలు, అప్పడాలు, ఊరగాయలు జ్ఞాపకానికి వస్తాయి. ఆ ఊరు మన దేశానికి ఒక రాష్ట్రపతిని కూడా ఇచ్చిందన్న సంగతి మన పిల్లలలో ఎందరెరుగుదురో చెప్పలేము. శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. ఈ ఉగాది సంచికకు వారి జీవితమును మేము ఎన్నుకొన్నందుకు వారు రాష్ట్రపతి కావడం ఒక్కటే కారణము కాదు. సంఘము పెట్టడం, పెట్టినదానిని నడపడం, చీలినదానిని అతకడం, ఇవే వారు జీవితమంతా చేసిన పనులు. పరాయిచోట పది కుటుంబాలు కూడి ఒక తెలుగు సంఘము నడుపుకొంటున్న మనవంటివారికి అంతకంటె దగ్గర విషయము మరొకటి వుండదు.

నాడు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగము. తెలుగు, ఒడియా రెండూ ఆ ఊరి వీధులలో వినిపించే భాషలే. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుమోసిన న్యాయవాది, కాంగ్రెసువాది; తరువాత కేంద్ర శాసనసభలో కూడా కూర్చున్నవారు. తల్లి సుభద్రమ్మగారు మద్యనిషేధ ఉద్యమములో స్త్రీలను వెంట బెట్టుకొని నడిచి అరెస్టయిన ధీరురాలు. ఇట్టి ఇంట పుట్టిన పిల్లవాడు ఊరిలోని కళ్ళికోట కళాశాలలో చదివాడు. మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధముగా వుండిన ఆ కళాశాలకు ఆ పేరు కళ్ళికోట రాజావారి విరాళమువల్ల వచ్చినది. ఆ కళాశాల పూర్వవిద్యార్థుల పట్టీలో గిరిగారి పేరు నేటికీ ముందువరుసలోనే వుంటుంది.

1913లో గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిన్ వెళ్ళారు. లండను కాక డబ్లిన్ ఏమిటని పాఠకులు అడుగవచ్చును. 1909లో లండనులో కర్జన్ వైలీ హత్య జరిగిన తరువాత అక్కడి భారతీయ విద్యార్థులపై పోలీసు నిఘా బిగిసినది. ఐర్లండులో అంత బిగువు లేదు. పైగా అది కూడా బ్రిటిష్ వారి కాడి క్రింద మెడ నొప్పిపుట్టి పెనుగులాడుతున్న దేశమే.

అక్కడి భారతీయ విద్యార్థులు చేతివేళ్ళమీద లెక్కింపదగినంతమందే. అయినా వారు ఊరకుండలేదు. దక్షిణాఫ్రికాలో మనవారు పడుతున్న బాధలనుగూర్చి ఒక కరపత్రము సిద్ధము చేశారు. అది గూఢచారుల చేత చిక్కింది. నాటినుండి ఆ కొద్దిమంది వెనుక పోలీసు కన్ను వీడలేదు. గిరిగారు పేరు పెట్టకుండా పత్రికలకు వ్యాసాలు కూడా వ్రాసేవారు. వారు చదివిన యూనివర్సిటీ కాలేజీలోనే థామస్ మెక్‌డోనా ఆంగ్లసాహిత్యము బోధించేవారు. 1916 ఏప్రిలులో ఈస్టర్ తిరుగుబాటు లేచినప్పుడు స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసిన ఏడుగురిలో ఆ అధ్యాపకుడొకరు. మే నెలలో ఆయనను తుపాకులతో కాల్చి చంపారు. అదే వరుసలో జేమ్స్ కానలీని కూడా కాల్చారు. దెబ్బలు తిని నిలబడలేని స్థితిలో వున్న ఆ కార్మిక నాయకుని కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చినారని చరిత్ర. ఇరువది రెండేళ్ళు నిండని బరంపురం కుర్రవానికి కార్మికులను ఒక సంఘముగా కట్టడమంటే ఏమో, దాని ఖరీదెంతో అక్కడనే తెలిసినది.

భారతీయ విద్యార్థుల గదులు సోదా చేశారు. జూన్ 1న గిరిగారికి నెలలోగా దేశము విడిచిపొమ్మని తాఖీదు వచ్చింది. జూన్ 21న బారిస్టరు పట్టా చేతికి వచ్చింది. బి.ఏ. మాత్రము పూర్తి కాలేదు. ఆ పట్టాతోనే ఓడ ఎక్కారు.

తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేసుకొని, హోమ్ రూల్ ఉద్యమములో చేరారు. 1920లో గాంధీగారి పిలుపుపై సాగుతున్న ప్రాక్టీసును వదలివేశారు. 1922లో కల్లుసారా దుకాణాల ముందు పికెటింగు చేసి మొదటిసారి జైలుకు వెళ్ళారు. ఇంతవరకు ఆనాటి కాంగ్రెసువారిలో అనేకుల కథ ఇట్టిదే. ఇక్కడినుండి వారి దారి వేరైంది.

వాల్తేరునుండి బరంపురం మీదుగా హౌరా పోయే రైలుమార్గము నాడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ పెద్ద కార్ఖానా ఖరగ్‌పూర్‌లో వుండేది. గంజాం, విశాఖపట్టణం జిల్లాలనుండి వేలమంది తెలుగువారు కూలికోసము ఆ దారినే పోయి, అక్కడ కాపురాలు పెట్టారు. మన సంఘ సభ్యులలో ఖరగ్‌పూర్ చుట్టరికము లేనివారు తక్కువే అని మా ఊహ. పరాయి ఊరిలో, పరాయి భాషలో, దొరల అజమాయిషీలో పనిచేసే ఆ జనానికి ఒక సంఘము కావలసివచ్చినది. గిరిగారు బి.ఎన్. రైల్వే కార్మిక సంఘానికి నాయకులయ్యారు. 1920ల తొలి సంవత్సరాలలో అఖిలభారత రైల్వే కార్మికుల ఫెడరేషను స్థాపించినవారిలో ఒకరై, పదేళ్ళకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా వున్నారు.

1927లో ఖరగ్‌పూర్ కార్ఖానాలో అలజడి లేచినది. ఉద్యోగాలనుండి తీసివేసిన వారి పక్షాన 1928 వరకు సాగిన ఆ పోరాటములో గిరిగారు పెట్టిన నియమము ఒక్కటే: చేయి ఎత్తరాదు. జీతము లేని ఇంట పొయ్యి వెలగదు. ఆకలిమీద వున్న వేలమందిని శాంతముగా నిలబెట్టడం వేదికమీద ఉపన్యసించినంత తేలిక కాదు. చివరకు కంపెనీ, ప్రభుత్వము దిగివచ్చి కోరికలు ఒప్పుకోవలసి వచ్చినది. 1926లోనే వారిని అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సమావేశానికి, 1931లో లండను రౌండు టేబిల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

కాని మాకు అంతకంటె విశేషముగా తోచేది మరొకటి. 1929లో నాగపూరు మహాసభలో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు చీలిపోయింది. విట్లీ కమీషనును బహిష్కరించాలా వద్దా అన్నది తగాదా. గిరిగారు, ఎన్.ఎం. జోషీగారు మున్నగు మితవాదులు బయటకు వచ్చి వేరు ఫెడరేషను పెట్టుకొన్నారు. వేరుపడిన తరువాత ఎదుటివారిని తిట్టుకొంటూ కాలము గడపడం సంఘాలలో పరిపాటి. (మన సంఘాలు ఇందుకు మినహాయింపని మేము అనలేము.) గిరిగారు మాత్రము తామే చీలిక కత్తి పట్టినవారై వుండి కూడా, తిరిగి కలవడానికి షరతులు తామే వ్రాశారు. రెండు పక్షాలూ సమానముగా కూర్చొనే ఏర్పాటుతో 1938లో రాజీ కుదిరి, 1940 నాటికి సంస్థ ఒక్కటైంది. 1942లో మళ్ళీ గిరిగారినే అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. విడిచిపోయినవానికి తిరిగి అగ్రాసనము వేశారంటే, పోతూ పోతూ తలుపు బిగించిపోలేదన్నమాట.

ఈ మధ్యలో మరొక మార్పు వచ్చినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడింది. బరంపురం అందులోకి పోయింది. అక్కడి తెలుగువారు గడప దాటకుండానే ప్రవాసాంధ్రులయ్యారు! గిరిగారి రాజకీయ జీవితము మాత్రము సరిహద్దుకు ఇవతల సాగింది. 1937 ఎన్నికలలో, అంతకుముందు మద్రాసు ప్రధానమంత్రిగా వెలిగిన బొబ్బిలి రాజావారిని వారి స్వంత బొబ్బిలిలోనే ఓడించారు. రాజాజీ మంత్రివర్గములో కార్మిక, పరిశ్రమల శాఖలు చూచారు. క్విట్ ఇండియా కాలములో మళ్ళీ జైలు. 1946లో ప్రకాశంగారి మంత్రివర్గములో మళ్ళీ కార్మికశాఖ. 1947నుండి 1951 వరకు సింహళములో భారత హైకమీషనరు. అక్కడి తేయాకు తోటలలోని లక్షలాది మనవారికి 1948 చట్టము పౌరసత్వము లేకుండా చేసినది ఆ రోజులలోనే.

1952లో పాతపట్నంనుండి లోక్‌సభకు వచ్చి కేంద్ర కార్మికమంత్రి అయ్యారు. తగాదాలను బలవంతపు తీర్పులకంటె ఎదురెదురుగా కూర్చొని మాటలతో తీర్చుకోవాలన్నది వారి పట్టుదల. బ్యాంకు ఉద్యోగుల విషయములో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చివేసినప్పుడు, 1954లో పదవి వదలివేశారు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. రెండు సీట్ల నియోజకవర్గములో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే దక్కినవి. గిరిగారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా, 1959లో తీర్పు దిప్పల సూరి దొరగారి పక్షానే వచ్చింది. గిరిజనుడు సామాన్య స్థానములో కూడా గెలువవచ్చునని ఆ తీర్పు స్థిరపరచినది. అది న్యాయమే అని మా అభిప్రాయము.

తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే 3న జాకిర్ హుస్సేన్‌గారు మరణించగా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో ఆ పదవి వదలి స్వతంత్రునిగా ఎన్నికకు నిలిచారు. కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. రెండువైపులా తెలుగువారే! ఇందిరాగాంధీ మనస్సాక్షి ననుసరించి ఓటు వేయుమనగా, రెండవ ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించిన పిమ్మట గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 వచ్చినవి. సంఘాలను అతకడములో ఆరితేరిన ఈయన గెలుపుతోనే ఆ సంవత్సరము కాంగ్రెసు రెండుగా చీలినది. ఎన్నిక చెల్లదని వేసిన దావాలో, 1970లో రాష్ట్రపతి అయివుండీ సుప్రీంకోర్టుకు స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చారు. దావా కొట్టివేయబడినది.

రాష్ట్రపతిగా ప్రధానమంత్రికి మరీ వంగిపోయారన్న విమర్శ వున్నది. దానిని మేము పూర్తిగా తోసివేయలేము. 1974 మేలో రైల్వే సమ్మె వచ్చింది. చేయించినవారిలో ముఖ్యమైనది గిరిగారు పూర్వము పెట్టిన ఆ ఫెడరేషనే. ప్రభుత్వము వేలమందిని జైళ్ళలో పెట్టి సమ్మెను అణచింది. అంత కఠినత్వము వద్దని రాష్ట్రపతి హితవు చెప్పినట్లు, అది చెల్లనట్లు తెలుస్తున్నది. ఖరగ్‌పూర్‌లో కంపెనీని దింపిన మనిషి, రాష్ట్రపతి భవనములో కూర్చొని ఆ ఇరువది రోజులు ఎట్లు గడిపారో ఊహించుకొనవలసినదే. ఆగస్టులో పదవీకాలము ముగిసింది.

1975లో భారతరత్న బిరుదమిచ్చారు. భార్య సరస్వతీబాయిగారితో, పదునలుగురు సంతానముతో నిండిన సంసారము వారిది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. జాతీయ కార్మిక అధ్యయన సంస్థకు 1995లో వారి పేరు పెట్టారు. బరంపురంలో గిరి రోడ్డు వున్నది; ఆ ఊరు వెళ్ళే మనవారు పట్టుచీరల బేరాలకు ఆ దారినే నడుస్తారు.