డెయిరీ మిల్క్ వెనుక మనిషి: జార్జ్ క్యాడ్‌బరీ

పుట్టినరోజు వస్తే మన హాస్టల్‌లో తమ్ముళ్లు మొదట అడిగేది డెయిరీ మిల్క్. ఆ కవరు మీద ఉన్న క్యాడ్‌బరీ ఒక ఇంటి పేరని చాలామందికి తెలియదు.

జార్జ్ క్యాడ్‌బరీ 1839 సెప్టెంబరు 19న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించారు. వారిది క్వేకర్లనే చిన్న క్రైస్తవ శాఖ. ఆయన పుట్టిన నాటికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు ఆ శాఖ వారికి పట్టాలిచ్చేవి కావు. పుట్టుకను బట్టి చదువుకు అడ్డుపడటం మనకు తెలియని సంగతేం కాదు. జార్జ్ కాలేజీ మెట్లెక్కలేదు.

1861లో తండ్రి జాన్ నడిపిన కోకో కంపెనీ మునిగే స్థితిలో అన్నదమ్ములు రిచర్డ్, జార్జ్‌ల చేతికొచ్చింది. తల్లి వైపు నుంచి వచ్చిన డబ్బంతా అందులో పోశారు. అప్పట్లో కోకోలో జిడ్డు తేలకుండా బంగాళాదుంప పిండి కలిపి అమ్మేవారు. జార్జ్ హాలెండు వెళ్లి, గింజల నుంచి కొవ్వు పిండే యంత్రం తెచ్చారు. 1866లో కల్తీ లేని కోకో పొడి అమ్మి కంపెనీని నిలబెట్టారు. పిండగా వచ్చిన కొవ్వు, అంటే కోకో వెన్న, చాక్లెట్‌కు పనికొచ్చింది.

డెయిరీ మిల్క్ 1905లో వచ్చింది. పాలు, చక్కెర చిక్కగా మరిగించి, కోకో ముద్ద కలిపి, ఆరబెట్టి పొడి చేస్తారు. ఆ పొడిని కోకో వెన్నతో మెత్తగా రుబ్బి అచ్చుల్లో పోస్తారు. అంతకుముందున్న చాక్లెట్ల కంటే ఇందులో పాలు ఎక్కువ. ఈ కోకో చెట్లు ఇప్పుడు గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలోనూ పెరుగుతున్నాయి.

1879లో ఫ్యాక్టరీని ఊరి బయట బోర్న్‌విల్‌కు మార్చారు. తర్వాత అక్కడే తోటలతో ఇళ్లు కట్టించి, 1900లో ఆ ఊరిని ట్రస్టుకు రాసిచ్చారు. ఆదివారం తెల్లవారుజామునే లేచి, పెద్దలైన కూలీలకు చదవడం, రాయడం నేర్పేవారు. సుమారు 50 ఏళ్లు ఆ పని మానలేదు. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

నచ్చనిదీ ఒకటుంది. కంపెనీ కోకో కొనే సావోటోమే దీవిలో, అంగోలా నుంచి పట్టుకొచ్చిన మనుషుల చేత బానిస చాకిరీ చేయిస్తున్నారని 1901లోనే క్యాడ్‌బరీలకు తెలిసింది. మనిషిని పంపి విచారించారు, పోర్చుగల్ ప్రభుత్వంతో మాట్లాడారు. కానీ కొనడం ఆపింది 1909లో. ఆ ఎనిమిదేళ్లూ తోటల్లో చాకిరీ చేసినవాళ్లకు ఆ విచారణలతో ఏం ఒరిగింది? తమను తప్పుబట్టిన పత్రికపై కంపెనీ కేసు వేసి గెలిచింది. జ్యూరీ ఇప్పించిన పరిహారం మాత్రం ఒక ఫార్దింగ్, పెన్నీలో నాలుగో వంతు. మన పాత కానీ లాంటిదన్నమాట.

జార్జ్ క్యాడ్‌బరీ 1922 అక్టోబరు 24న కన్నుమూశారు.